పాత మోటార్‌హోమ్ రోడ్డు మీద నిలకడగా నడవాలంటే: ముందు తూకం, తర్వాతే కట్టలు

పాత మినీబస్సునో టెంపో ట్రావెలర్‌నో కొని, లోపల మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని చిన్న ఇల్లులా మార్చుకున్నారు. బాగుంది. కానీ హైవే ఎక్కగానే అసలు టెన్షన్ మొదలవుతుంది. పెద్ద లారీ మిమ్మల్ని దాటుతుంటే బండిని ముందు పక్కకి తోస్తుంది, దాటిపోయాక తనవైపు లాగుతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి మలుపులోనూ బండి ఒరిగి, లోపల గిన్నెలన్నీ ఒక పక్కకి చేరతాయి. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగుని అటూ ఇటూ సరిచేస్తూనే ఉండాలి. నరసన్నపేట నుంచి ఇచ్ఛాపురం వెళ్లేసరికి భుజాలు పట్టేస్తాయి.

గ్యారేజీకి తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినపడే మాట ఒకటే: “కట్టలు దిగిపోయాయి బాబూ, ఇంకో రెండు పట్టీలు ఎక్కించేద్దాం.” కట్టలంటే చక్రాల దగ్గర బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగులు, పట్టీలంటే వాటిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పలకలు. వెంటనే ఒప్పుకోకండి. పట్టీలు ఎక్కిస్తే బండి ఎత్తుగా నిలబడుతుంది. అంతమాత్రాన తిన్నగా నడవదు. స్టీరింగు లింకుల్లో లూజు ఉంటే ఆ లూజు అలాగే ఉంటుంది, పైగా గతుకులన్నీ నేరుగా మీ నడుముకి తగులుతాయి. పనికి ఒక వరస ఉంది: తూకం, టైర్లు, లూజులు, షాకులు, ఆ తర్వాత కట్టలు, అన్నిటికంటే చివర అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం. ఈ వరస తప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

ముందు కాటా ఎక్కించండి

ప్రయాణానికి వెళ్లేటప్పుడు బండి ఎలా ఉంటుందో అలాగే నింపండి. నీళ్లు, గ్యాసు, బట్టలు, పప్పూ బియ్యం, ఎక్కే మనుషులు, అన్నీ ఉండాలి. ఖాళీ బండి తూకం దేనికీ పనికిరాదు. రైస్ మిల్లుల దగ్గర, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దారిలో వేబ్రిడ్జిలు ఉంటాయి. రద్దీ లేని వేళ వెళ్లి, మూడు తూకాలు కావాలని ముందే చెప్పండి.

మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒక తూకం. తర్వాత బండి మొత్తం. చివర ముందు చక్రాలు దిగిపోయి వెనక చక్రాలు మాత్రమే ఉన్నప్పుడు ఇంకొకటి. కాటాకి ముందూ వెనకా నేల కాటాతో సమానంగా ఉంటేనే లెక్క సరిగ్గా వస్తుంది. ముందు తూకం, వెనక తూకం కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. రాకపోతే మళ్లీ ఎక్కించండి.

ఆ మొత్తాన్ని ఆర్‌సీలో రాసిన స్థూల బరువుతో, అంటే మనుషులు, సామానుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువుతో పోల్చండి. దాటి ఉంటే ఇక సస్పెన్షన్ గురించి మాట్లాడే ముందు సామాను దించాల్సిందే. బ్రేకులు, హబ్ బేరింగులు, టైర్లు అన్నీ ఆ అంకె చూసి తయారైనవే. పట్టీలు పెంచినంత మాత్రాన బ్రేకుల శక్తి పెరగదు.

మొత్తం సరిపోయినా, బరువు ఎక్కడ కూర్చుందన్నది ఇంకా ముఖ్యం. పాత మోటార్‌హోముల అసలు జబ్బు ఇక్కడే ఉంటుంది. వెనక యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఇరుసు) దాటి బయటికి పొడుచుకొచ్చిన భాగంలో బరువు పెడితే అది మీట నొక్కినట్టు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ఒక లెక్క చూడండి. రెండు యాక్సిళ్ల మధ్య దూరం 3,350 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక యాక్సిల్‌కి 1,675 మిల్లీమీటర్ల వెనకాల 100 కిలోలు వేలాడదీశారు. వెనక యాక్సిల్ మీద పెరిగేది 100 కాదు, 150 కిలోలు. ముందు యాక్సిల్ మీద 50 కిలోలు తగ్గుతాయి. స్టీరింగు తిప్పే చక్రాలకి నేల మీద పట్టు తగ్గిందన్నమాట. డిక్కీ వెనక స్టాండు వేసి స్కూటర్ కట్టుకున్న బండి హైవే మీద తేలిపోయినట్టు నడవడానికి కారణం ఇదే.

లీటరు నీళ్లు కిలో. రెండు వందల లీటర్ల ట్యాంకు వెనక మూలలో ఉంటే దాన్ని రెండు యాక్సిళ్ల మధ్యకి, వీలైనంత కిందికి మార్పించండి. ఇన్వర్టర్‌కి వాడే పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఒక్కోటి యాభై కిలోలకి పైగా ఉంటుంది. 14.2 కిలోల గ్యాసు నింపిన ఇంటి సిలిండర్ మొత్తం ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. ఇవన్నీ డ్రైవరు సీటుకీ వెనక చక్రాలకీ మధ్య నేలకి దగ్గరగా ఉండాలి. టాపు మీద సోలార్ ప్యానెళ్లు, ఏసీ ఉంటే వాటితో పాటు ఇంకేమీ పైకి ఎక్కించకండి. ఒరగడం అన్నది బరువు ఎంతన్నదాని మీదే కాదు, ఎంత ఎత్తులో ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ట్యాంకు నిండుగానో ఖాళీగానో ఉండేలా చూసుకోండి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకి పరుగెత్తి, బండి నిటారుగా అయ్యే సమయానికి ఇంకా అక్కడే ఉంటాయి. లోపల అడ్డు పలకలు ఉన్న ట్యాంకైతే ఈ బాధ తక్కువ.

వంటగట్టు, ఫ్రిజ్, బీరువా అన్నీ ఒకే పక్కన కట్టించిన బండ్లు చాలా ఉన్నాయి. చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ప్రతి చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఎడమకీ కుడికీ తేడా ఉంటే ముందు లోపలి సామాను ఎలా సర్దారో చూడండి. ఈ నాలుగు కొలతలూ తర్వాత కూడా పనికొస్తాయి, పారేయకండి.

టైర్లు

మోటార్‌హోము ఎక్కువ కాలం నిలిచే ఉంటుంది. అందుకే గాడి అరగకముందే రబ్బరు ముసలిదైపోతుంది. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3218 అని ఉంటే 2018లో 32వ వారం తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరుని గాడి బాగున్నా అనుమానంగానే చూడాలి. పక్క గోడలో సన్నని పగుళ్లు కనిపిస్తే మార్చేయండి.

మార్చేటప్పుడు చవగ్గా దొరికిందని కారు టైరు వేయించకండి. పక్క గోడ మెత్తగా ఉండి బండిని ఊపేస్తుంది, ఆ బరువూ మోయలేదు. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె లోడ్ ఇండెక్స్, పాత టైరు మీదున్న దానికంటే తక్కువది వేయకూడదు.

గాలి సంగతికొస్తే, “అన్నిటికీ ఒకటే కొట్టేయ్” అనకండి. వేబ్రిడ్జిలో వచ్చిన యాక్సిల్ బరువుని ఆ యాక్సిల్ మీదున్న టైర్లకి పంచి, టైరు కంపెనీ పట్టిక ప్రకారం ముందుకీ వెనక్కీ వేర్వేరుగా పెట్టించండి. ఉదయం బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మీ దగ్గర సొంత గేజ్ ఉండటం మంచిది. బంకుల్లో గేజులు ఒకదానికొకటి కలవవు. చాలా బండ్లు తూకం, టైర్లు, గాలి సరిచేసేసరికే సగం దారికొస్తాయి.

లూజులు వెతకడం

ఈ పని మీద ఒక పూట పూర్తిగా పెట్టండి. సాయానికి ఇంకో మనిషి కావాలి. బండి గట్టి నేల మీద ఉండాలి. వానాకాలంలో మన మట్టి నేలల్లో జాకీ దిగిపోతుంది, కింద మందపాటి పలక వేయండి. ఎత్తని చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. జాకీతో లేపాక చాసిస్ కింద ఇనుప స్టాండ్లు పెట్టకుండా ఎవరూ కిందికి దూరకూడదు. జాకీ ఒక్కటే ఉన్న బండి కింద తల పెట్టకండి, ఎంత తొందరున్నా సరే.

మొదట బండి నేల మీద ఉండగానే, సాయం మనిషిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టండి. స్టీరింగుని రెండంగుళాలు అటూ రెండంగుళాలు ఇటూ, ఆపకుండా మెల్లగా ఆడించమనండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి ఉండాలి. మీరు పక్క నుంచి టార్చి వేసి కింద చూడండి. స్టీరింగ్ బాక్స్ నుంచి మొదలుపెట్టి, దాని చేయి, అక్కడి నుంచి చక్రాలకి తిప్పుడు అందించే కడ్డీలైన డ్రాగ్ లింక్, టై రాడ్ చివర్ల దాకా ఒక్కో జాయింటు మీద వేలు ఆనించి ఉంచండి. రెండు ముక్కలూ కలిసి కదిలితే బాగున్నట్టు. ఒకటి కదిలాక రెండోది కాస్త ఆలస్యంగా కదిలితే ఆ చిన్న టక్కుమనే దెబ్బ వేలికి తెలుస్తుంది. అదే మీరు వెతుకుతున్న లూజు. స్టీరింగ్ బాక్స్‌ని చాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులూ చూడండి. బాక్సే కదులుతుంటే జాయింట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

తర్వాత ముందు చక్రాన్ని లేపి, టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తి చూడండి. టైరుని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఊగితే సీట్లో మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. తొక్కగానే ఊగడం ఆగిపోతే లూజు హబ్ బేరింగులో ఉంది. తొక్కినా ఊగుతూనే ఉంటే కింగ్ పిన్ (ముందు చక్రం ఎడమకీ కుడికీ తిరగడానికి ఆధారమైన నిలువు పిన్), దాని బుష్‌లు (పిన్ చుట్టూ ఉండే తొడుగులు) అరిగాయి. ఈ ఒక్క పరీక్ష తెలిసి ఉంటే బేరింగు మార్చాల్సిన చోట కింగ్ పిన్ బిల్లు కట్టనక్కర్లేదు.

స్టీరింగ్ బాక్స్ మీద లూజు తగ్గించే ఒక స్క్రూ ఉంటుంది. చాలామంది ముందు దాన్నే బిగిస్తారు. దయచేసి అలా చేయనివ్వకండి. మిగతా జాయింట్లన్నీ బాగుచేశాక, అప్పటికీ లూజు మిగిలితేనే, కొద్దికొద్దిగా. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను మధ్యకి రాదు. ఘాట్ రోడ్డులో అది ప్రమాదం.

ఇప్పుడు కట్టల చివరలు. ఒక చివర పిన్‌తో స్థిరంగా ఉంటుంది, రెండో చివర షేకిల్ అనే చిన్న లింకు మీద ఊగుతుంది. రెండు చోట్లా బుష్‌లు ఉంటాయి. కట్ట చివర కన్నుకీ, దాన్ని చాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్‌కీ మధ్య చిన్న గడ్డపార పెట్టి పక్కలకి ఎత్తి చూడండి. బుష్ అరిగితే కట్ట పక్కకి జరుగుతుంది. రోడ్డు మీద యాక్సిలే పక్కకి జరుగుతుందన్నమాట. మీరు స్టీరింగు తిప్పకపోయినా వెనక చక్రాలు బండిని తిప్పుతుంటాయి. గాలికి బండి తోసినట్టు అనిపించే చాలా సందర్భాల్లో అసలు దోషి ఈ వెనక బుష్‌లే.

రబ్బరు బుష్‌లు మారుస్తుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బండి స్టాండ్ల మీద వేలాడుతుండగా బోల్టులు పూర్తిగా బిగించకూడదు. చేతి బిగువుతో వదిలేసి, బండిని చక్రాల మీదకి దించి, మామూలు ఎత్తుకి వచ్చాక అప్పుడు గట్టిగా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి కొద్ది నెలల్లో చినిగిపోతుంది. ఇత్తడి బుష్‌లైతే ఈ గొడవ లేదు, కానీ గ్రీజు క్రమం తప్పకుండా కొట్టాలి. గన్‌తో కొట్టినప్పుడు పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, దాని వెనక కొత్త గ్రీజు కనిపించేదాకా కొట్టండి. గ్రీజు కొట్టే చిన్న మూతి, అంటే నిప్పిల్, మూసుకుపోయి గ్రీజు లోపలికి వెళ్లకుండా పక్కకి కారుతుంటే నిప్పిల్ మార్చడం నిమిషాల పని.

మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కళింగపట్నం, భావనపాడు, బారువ బీచ్‌లో రాత్రి ఆపుకోవడం బాగానే ఉంటుంది గానీ, ఆ ఉప్పు గాలి హ్యాంగర్లనీ చాసిస్ మూలల్నీ తినేస్తుంది. తుప్పు పెచ్చుల్ని చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టిగా మోగితే పర్లేదు. మొద్దుగా వినిపించినా, పొరలు ఊడినా వెల్డింగ్ మేస్త్రీకి చూపించండి. తీరం నుంచి వచ్చాక మంచినీళ్లతో కింద భాగం కడిగించడం అలవాటు చేసుకోండి.

షాకులు

షాక్ అబ్జార్బర్ బరువు మొయ్యదు. కట్ట ఊగడాన్ని ఆపడమే దాని పని. అందుకే షాకులు పోయిన బండి కిందికి దిగదు, ఒక గుంత దాటాక నాలుగుసార్లు ఊగుతుంది. కారుకి చేసినట్టు బంపరు నొక్కి వదిలే పరీక్ష ఇంత బరువు బండికి పనిచేయదు. వేరే పద్ధతి ఉంది. గతుకుల రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపి ఆపండి. నాలుగు షాకుల్నీ చేతి వెనక వైపుతో మెల్లగా తాకండి, కాలే అవకాశం ఉంది కాబట్టి జాగ్రత్త. పనిచేస్తున్నవి వెచ్చగా ఉంటాయి. వాటి పక్కన ఒకటి చల్లగా ఉంటే అది పోయినట్టే. నూనె కారి దుమ్ము అంటుకున్నదీ, పైనా కిందా రబ్బర్లు నలిగిపోయినదీ చూడగానే తెలుస్తుంది. టైరు గాడి కప్పుల్లా అక్కడక్కడా గుంటలు పడి అరిగినా షాకునే అనుమానించాలి.

మార్చేటప్పుడు ఎడమ కుడి జత కలిపి మార్చండి. కొత్త షాకు అడ్డంగా పడి ఉండి వచ్చుంటుంది. బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కాలి. లోపలి గాలి బుడగలు పోతాయి, చేతికి బిగువు సమానంగా తగులుతుంది. గ్యాసు నింపిన షాకులు వేయిస్తే ఘాట్‌లో వేడెక్కినా మెత్తబడటం తక్కువ. ఈ ఖర్చు దగ్గర పొదుపు వద్దు.

ఇప్పుడు కట్టలు

ఇంతదాకా వచ్చాక కూడా వెనక భాగం దిగి ఉంటేనే కట్టల జోలికి వెళ్లండి. ముందుగా రాసుకున్న నాలుగు కొలతలు తీయండి. ఒక పక్కే దిగితే ఆ పక్క పట్టీ విరిగి ఉండొచ్చు. విరుగు తరచుగా పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్టు దగ్గర, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల కింద దాక్కుంటుంది, పైకి కనపడదు. వైరు బ్రష్‌తో శుభ్రం చేసి టార్చి వేసి చూడండి. పట్టీ అంచుమీద సన్నని ఎర్ర తుప్పు గీత అడ్డంగా ఉంటే అది పగులే.

ఎడమ వైపు ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఎంతుందో, కుడి వైపు ఎంతుందో కొలవండి. ముందు చక్రాలు తిన్నగా ఉండాలి. రెండు కొలతలూ కలవకపోతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగి ఉంటుంది. అలాంటి బండిని వెనక నుంచి చూస్తే కాస్త అడ్డంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

కట్టల పనికి సాలూరు మంచి చోటు. అది లారీల ఊరు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా 26వ నంబరు జాతీయ రహదారి నేరుగా అక్కడికే పోతుంది. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు మీ తూకం చీటీ చూపించండి. “వెనక ఇంత బరువు ఎప్పుడూ ఉంటుంది మేస్త్రీ, లారీలా ఖాళీగా తిరగదు” అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఆలోచన మారుతుంది. లారీకి నిండుగా ఒక రోజు, ఖాళీగా ఒక రోజు. మీ బండికి బరువు ఎప్పుడూ ఒకటే.

పాత కట్టల్నే నిప్పులో కాల్చి వంపు తెప్పిస్తామంటే, మళ్లీ సరైన పద్ధతిలో గట్టిదనం పట్టించగలరా అని అడగండి. కాల్చి వంచి వదిలేసిన ఉక్కు మెత్తబడి కొద్ది నెలల్లో మళ్లీ దిగిపోతుంది, లేదా పెళుసై విరుగుతుంది. కొత్త కట్టలే మేలు. కట్టలు బాగుండి, కేవలం తుప్పు పట్టి పట్టీలు ఒకదాని మీద ఒకటి జారకపోతే, విప్పి శుభ్రం చేసి గ్రాఫైట్ గ్రీజు రాయించండి. బండి మెత్తగా నడవడం మొదలవుతుంది.

కట్టలు బాగానే ఉండి బరువుకి ఇంకాస్త ఆసరా కావాలంటే, చాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే గాలి బెలూన్లు పట్టీ పెంచడం కంటే నాకు నచ్చిన పరిష్కారం. సామాను బట్టి గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎడమకీ కుడికీ వేర్వేరు గొట్టాలు పెట్టించండి. రెండూ ఒకే గొట్టానికి కలిపితే మలుపులో గాలి ఒక పక్క నుంచి రెండో పక్కకి పోయి ఒరగడం ఇంకా పెరుగుతుంది. బెలూన్లు ఎత్తుని సరిచేస్తాయి, ఆర్‌సీలోని బరువు పరిమితిని పెంచవు.

ఏ పని చేయించినా యూ బోల్టులు కొత్తవే వేయించండి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే బిగువు ఇవ్వదు.

ఒరగడం ఇంకా మిగిలితే యాంటీ రోల్ బార్, అంటే ఎడమ కుడి పక్కల్ని కలిపి ఒరగడాన్ని తగ్గించే ఉక్కు కడ్డీ. బండికి ముందే ఉంటే దాని రబ్బరు బుష్‌లు, లింకులు మార్చండి. చాలాసార్లు అది చాలు. లేకపోతే వెనక ఒకటి బిగించుకోవచ్చు గానీ మీ మోడల్‌కి సరిపోయేదే తీసుకోండి. చాసిస్‌కి ఎక్కడ పడితే అక్కడ రంధ్రాలు చేయనివ్వకండి. చాసిస్ రైలు పైనా కిందా అంచుల్లో అసలే వద్దు.

చివర అలైన్‌మెంట్

వెనక భాగం ఎత్తు మారితే చాసిస్ వాలు మారుతుంది, దాంతో ముందు చక్రాల కాస్టర్ కోణమూ (చక్రం తిరిగే పిన్ ముందుకో వెనక్కో వాలిన కోణం) మారుతుంది. వెనక బాగా లేపితే కాస్టర్ తగ్గి బండి గీత మీద నిలవదు. అందుకే అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర, బండి ప్రయాణపు బరువుతో ఉన్నప్పుడే చేయించాలి. ముందు యాక్సిల్ ఒకే కడ్డీగా ఉన్న బండ్లలో టై రాడ్‌తో సరిచేసేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం, అది మాత్రమే. కాస్టర్ సరిచేయాలంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య చీలిక పలకలు పెడతారు. కంప్యూటర్ కాగితం అడిగి తీసుకుని మాన్యువల్ కొలతలతో పోల్చండి.

ఇక కాగితాల సంగతి. అరిగినవాటి స్థానంలో అదే రకం భాగాలు వేయడం మరమ్మతు. కానీ ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సీట్లు తీసి మంచాలు వేసిన బండికి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ దానికి తగ్గట్టు ఉన్నాయో లేదో ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

పని అయ్యాక వెంటనే ఘాట్ ఎక్కకండి. ముందు ఖాళీ రోడ్డు మీద నలభైలో నడిపి, స్టీరింగు మీద చేతులు తేలిగ్గా ఉంచి, మెల్లగా బ్రేకు తొక్కి చూడండి. ఒక పక్కకి లాగితే బ్రేకులు చూపించాలి. తర్వాత హైవే మీద అరవై, డెబ్భై. సుంకి వైపో అనంతగిరి వైపో ఘాట్‌కి వెళ్లడం ఆ తర్వాత. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. ఎత్తైన బండి కాబట్టి తుఫాను హెచ్చరిక ఉన్న రోజున తీరం పక్క రోడ్డు మీద తిరగకపోవడమే మంచిది.

బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కన పలక మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులని టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించి, గీతలు కొత్తగా గీయండి. ఆ తర్వాత ప్రతి ప్రయాణానికి ముందు ఒక్కసారి కిందికి వంగి చూడండి. గీత తిన్నగా ఉంటే నట్టు కదల్లేదు. విరిగితే బయల్దేరకుండా ముందు అది బిగించండి.